గొర్రెలు నడవని దారి

ఆ పొద్దు దొడ్లోకి పోయిన రంగమ్మ ఎంతసేపటికీ బయటికి రాలేదు. కోడలు కృష్ణమ్మ గంజికుండ దించి, ఏందబ్బా అనుకుంటూ తడిక దాకా పోయి చూసింది. అత్త ఒక గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించుకోని, దాని తోక పైకెత్తి, ఉన్ని లేని చోట వేలితో మెల్లగా తడుముతా ఉంది.

"ఆడనే నిలబడు, లోపలికి రాబాకు," అంది తల ఎత్తకుండానే.

"రాకుంటే ఏమి అత్తా? తెల్లారి దొడ్డి ఊడ్చింది నేనే గదా."

రంగమ్మ వేలు ఆగిపోయింది. "అయితే అయింది. ఇంక నీవూ నేనూ ఒకటే. అమ్మవారు వచ్చింది."

అమ్మవారంటే బొబ్బ రోగం. మనుషులకు పోసేది వేరు, ఇది జీవాలది. ముందు జ్వరం, తర్వాత ఉన్ని లేని చోట్ల ఎర్రటి దద్దులు, ఆ మీద బొబ్బలు. గొర్రెపిల్లలయితే నిలవవు. ఒక దొడ్లో పుట్టిందంటే పక్క దొడ్లోకి పోకుండా ఆపేదానికి ఆ కాలంలో కాపరులకు తెలిసిన ఉపాయం ఒకటే. ఆ దొడ్డి మనుషులు ఇంకో మంద ఛాయలకు పోకూడదు, ఇంకో మంద వాళ్ళు వీళ్ళ ఛాయలకు రాకూడదు. తప్పనిసరై దారిన పోవాల్సివస్తే చేతిలో వేపమండ పట్టుకోని పోవాలి. అది చూసిన గొల్ల ఎవడైనా సరే, పలకరించకుండా తన మందను పక్కకు తోలుకుంటాడు. తప్పుగా అనుకునేది లేదు.

కొత్త రాష్ట్రం వచ్చి, కర్నూలులో రాజధాని పెట్టి అప్పటికి ఏడాది దాటింది. త్రిపురాంతకం చుట్టుపక్కల ఆ ఏడు వానలు లేవు. ఒక్క మాటలో చెప్పాలంటే గొర్రె ముట్టె ఆనించేదానికి పచ్చటి పోచ లేదు. కృష్ణమ్మ మొగుడు నాగయ్య, ఊరి కాపరులందరి మాదిరే, సంక్రాంతి దాటంగానే మందను తూర్పుకు తోలుకపోయినాడు. సముద్రం పక్క వరి కోసిన చేలల్లో మంద కడితే రైతుకు ఎరువు, గొర్రెకు మేత. వట్టిపోయినవి, చూడివి కొన్నిటిని మాత్రం ఇంటి దగ్గర వదిలినాడు.

అంతవరకయితే కృష్ణమ్మ ఏడ్చి ఊరుకునేదే. కానీ జబ్బుపడిన ఆ గొర్రె గిద్దలూరు సంతలో తెచ్చినది. దానితోపాటు తెచ్చినవి ఇంకా మూడున్నాయి. ఆ మూడూ నాగయ్య మందలో ఉన్నాయి.

"వాడికి తెలియదు," అంది రంగమ్మ. "ఒంట్లో ఉన్నా బయటపడేదానికి టైము పడుతుంది. ఈ పొద్దో రేపో పడతాది. ఎల్లుండి పున్నమి గదా?"

పోయేటప్పుడు నాగయ్య చెప్పినాడు. మాఘ పున్నమినాటికి పాకల దగ్గర అందరూ చేరతారు. అక్కడ పెద్ద రైతు ఒకాయనకు చానా భూమి ఉంది. ఆ భూమికి ఒక్కొక్కరి మంద చాలదు. పున్నమి పొద్దు వాలే వేళకు మార్కాపురం, గిద్దలూరు, దోర్నాల దిక్కు నుంచి వచ్చిన మందలన్నీ కలిపి ఒకే మంద చేసి, వంతులవారీగా కాపు కాస్తారు. పెద్దకాపరి కాటమరాజు పసుపునీళ్ళు చల్లి మొదటి పొట్టేలును తోలితే, వెనకాల అన్నీ పోతాయి. చెవి కోతలను బట్టి ఎవరివి వాళ్ళకు తెలుస్తాయి గానీ, కలిసిన తర్వాత రోగానికి నీదీ నాదీ ఉండదు.

కార్డు ముక్క రాస్తే తిరిగే మందకు ఎట్ల చేరుతుంది? ఊళ్ళో కాలు కదిలే మగవాళ్ళంతా తూర్పునే ఉన్నారు. రంగమ్మ మోకాళ్ళు వీధి చివరకే పోనివ్వవు. కృష్ణమ్మ మార్కాపురం దాటి ఎరగదు.

"తలకు పోసుకోని, దొడ్లోకి ఎప్పుడూ కట్టని కోక కట్టుకో," అంది రంగమ్మ. "మండ మూటలో పెట్టుకో. మనోళ్ళు కనపడితే బయటికి తియ్యి. ఇంకో మంద పక్కన మాత్రం నడవబాక. నీవు చెప్పేదానికి పోతా ఉండావు. మోసుకోని పోయేదానికి కాదు."

* * *

చీకటితో లేచి త్రిపురాంతకం నడిచి, అక్కడ మార్కాపురం బస్సు, మార్కాపురంలో పొదిలి మీదుగా ఒంగోలు పోయే బస్సు పట్టుకునింది. కిటికీ పక్కన కూర్చుని, రోడ్డు పక్కన గొర్రె కనపడినప్పుడల్లా ముఖం లోపలికి లాక్కునింది. బస్సు దుమ్ములో తన గాలి వాటికి తగులుతుందేమోనని ఆమె భయం. పక్కన కూర్చున్న ముసలామె, "ఏమ్మా, వాంతి వస్తాదా? ఇదో, నిమ్మకాయ వాసన చూడు," అని చేతిలో పెట్టింది. వద్దన్లేక చూసింది.

ఒంగోలులో దిగేసరికి ఊరంతా బండ్లు. పున్నమి సముద్ర స్నానాలకు పల్లెలన్నీ కదిలినాయి. జట్కాల వరస దగ్గర నిలబడి, పాకల పోవాలని చెప్పింది. జట్కా మనిషి గుర్రానికి గడ్డి విదిలిస్తూ ఆమెను కింది నుంచి పై దాకా చూశాడు.

"పాకలేనా? రైలెక్కు. సింగరాయకొండలో దిగితే రెండు గంటల నడక. రేపటి దాకా అక్కర్లేదు, ఈ రాత్రికే అక్కడుంటావు."

కృష్ణమ్మకు ప్రాణం లేచి వచ్చింది. "ఆ నడిచే దారి ఎట్లుంటాది నాయనా? మందలేమన్నా ఉంటాయా?"

"ఉంటాయా ఏంటి! దారికి అటు గొర్రెలు, ఇటు గొర్రెలు. మీ పైదేశం వాళ్ళవే. మొన్న నా జట్కాని గంటసేపు ఆపేశాయి."

"వేరే దారి లేదా?"

"ఎందుకూ? గొర్రెలంటే భయమా నీకు?"

పక్క జట్కావాడు నవ్వాడు. గొల్లవాళ్ళ ఆడబిడ్డను పట్టుకోని ఈ మాట. ఇంకో రోజయితే ఆమే నవ్వేది.

"భయమే," అంది.

"అయితే కొత్తపట్నం పో. అక్కడ కాలవలో పడవలుంటాయి, పాకల రేవులో దింపుతారు. కానీ పడవ నమ్ముకుంటే గాలిని నమ్ముకున్నట్టే. అదీ వద్దంటే సముద్రం ఒడ్డునే నడువు. ఇసుకలో ఏ గొర్రే తిరగదు. నడిస్తే తెలుస్తుంది, పిక్కలు ఊడతాయి."

ఆమె అక్కడే నిలబడిపోయింది. రైలు కూత వినపడింది. ఎక్కితే ఈ రాత్రికే నాగయ్య ముందుంటుంది. కానీ ఆ దారిలో తను దాటిపోయే మందలు ఎన్ని! వాటిల్లో ఎవరి ఇల్లు కూలుతుందో. పడవయితే మంద తగలదు, కాకపోతే ఆలస్యమయితే అసలు పనే చెడుతుంది. కాళ్ళు రైలు వైపే లాగినాయి. మూటలో వేపమండ చెయ్యికి గుచ్చుకునింది.

"కొత్తపట్నం పోనీ నాయనా," అంది.

* * *

పడవ మనిషి పేరు పేతురు. నడివయసు వాడు. సరుగుడు కట్టెలు వేసుకోని దక్షిణానికి పోతున్నాడు. పడవలో అప్పటికే స్నానాలకు పోయే ఆడవాళ్ళు అరడజను మంది కట్టెల మీద సర్దుకోని ఉన్నారు.

"రేపు పొద్దు నడినెత్తికి రాకముందే దింపుతానమ్మా. గాలి మనదే," అన్నాడు పేతురు. తెరచాప ఎత్తితే నిజంగానే అది కడుపుతో ఉన్న మనిషి మాదిరి నిండుగా ఉబ్బింది. కృష్ణమ్మ మనసు కొంచెం నెమ్మదించింది.

ఎడమ పక్క ఇసుక దిబ్బలు, వాటి మీద తాటిచెట్లు. దిబ్బల సందులో ఒకచోట ఏదో నీలంగా కనపడి, మళ్ళీ దాక్కునింది. "అదే సముద్రం," అని పక్కామె మోచేత్తో పొడిచింది. కృష్ణమ్మ చూసింది, కానీ చూపు నిలవలేదు. కుడి పక్క గట్టు మీదికే పోతా ఉంది. ఆ గట్టున మందలు నీళ్ళకు దిగుతాయేమోనని.

చీకటి పడేసరికి గాలి చచ్చిపోయింది. పేతురు పడవను గట్టుకు కట్టేసి పడుకున్నాడు. తెల్లారి ఇద్దరు మనుషులు గట్టున తాడు పట్టి లాగితే గానీ కదల్లేదు. పొద్దు పైకి వస్తా ఉంది. ఇంకా సగం దారే.

ఒక చిన్న రేవు దగ్గర గట్టు మీద నుంచి ఎవరో చెయ్యి ఊపారు. పేతురు తాడు వదులు చేయించాడు. భుజాన గొంగడి, నెత్తిన పెద్ద తలగుడ్డ, చేతిలో బుట్ట. బుట్టలో నుంచి రెండు చిన్న తలకాయలు పైకి వచ్చి "మే" అన్నాయి.

కృష్ణమ్మ చప్పున పడవ అవతలి అంచుకు జరిగింది.

"పాకల దాకా," అన్నాడు ఆ కాపరి. "తల్లి మందతో ముందే పోయింది. ఇవి నిన్ననే పుట్టినాయి, నడవలేవు. వీటిని చేర్చాల."

"ఎక్కు ఎక్కు," అన్నాడు పేతురు.

కాపరి ఒక కాలు పడవలో పెట్టినాడు. కృష్ణమ్మ మూట విప్పి, వాడిపోయిన వేపమండను తలపైకి ఎత్తి పట్టుకునింది.

కాపరి దాన్ని చూసినాడు. బుట్టను గుండెకు అదుముకోని, పెట్టిన కాలు వెనక్కి తీసుకోని, గట్టు మీదికి ఎగిరినాడు. పడవ ఊగింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.

"ఏ ఊరమ్మా?" అన్నాడు దూరం నుంచి.

"త్రిపురాంతకం తట్టు నాయనా. దొడ్లో వచ్చింది. మా మందకు చెప్పేదానికి పోతా ఉండా."

"మంచి పని చేసినావు తల్లీ, ముందే చూపించినావు." ఇంకా వెనక్కి జరిగినాడు.

పేతురుకు ఏమీ అర్థం కాలేదు. "ఏంటిది? ఆకు చూపిస్తే అంత మనిషి పారిపోయాడు! ఏమ్మా, మంత్రగత్తెవా?"

ఆమె చెప్పింది. ఆడవాళ్ళలో ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునింది. "మనుషులకు రాదు లేవే," అని ఇంకొకామె కసిరింది.

"ఇద్దర్నీ ఎక్కించుకోవడం కుదరదన్నమాట," అని పేతురు తల గోక్కున్నాడు. "ముందెక్కింది నువ్వు. నిన్ను దింపడం ధర్మం కాదు. ఏమయ్యా, నువ్వు ఇంకో పడవ చూసుకో."

"ఇంకో పడవ రేపటికి గానీ రాదు. అప్పటికి పాలు లేక ఇవి చస్తాయి," అన్నాడు కాపరి. అడుక్కోవడం లేదు. ఉన్నది చెప్తున్నాడంతే.

కృష్ణమ్మ బుట్టకేసి చూసింది. ఎక్కిన చోటు కడిగించి, తను దూరంగా ఒక మూల కూర్చుంటేనో? కానీ ఒకటే పడవ, ఒకటే గాలి. పోనీ, వాటిని చావనిచ్చి తను పోతేనో? పాకలలో ఉన్నవి వందలు, ఇవి రెండు. లెక్క చూస్తే తను పోవడమే సరి. ఆ లెక్క మనసులో పూర్తి కాకముందే ఆమె లేచి నిలబడింది.

"ఆ పక్క గట్టున దింపు నాయనా, సముద్రం పక్కన. నేను కూర్చున్న చోట నీళ్ళు పోసి కడుగు. పిల్లల్ని ఆ చివరన పెట్టుకోండి."

"నడుస్తావా? ఇసుకలోనా? మధ్యలో ఏటి మొగ ఉందమ్మా, ఇవాళ పున్నమి పోటు!"

"పొద్దు వాలేలోగా చేరతానా లేదా, అది చెప్పు."

"పరిగెత్తితే," అన్నాడు పేతురు. "తాడుతో లాగే ఈ పడవకు ఆ నమ్మకం కూడా లేదు."

* * *

దిబ్బ ఎక్కి దిగేసరికి ఎదురుగా సముద్రం. దానికి అవతలి గట్టు లేదు. అంత నీళ్ళు ఒక్కచోట ఉంటాయని ఆమె వినింది గానీ, అది ఊరికే ఉండకుండా లేచి లేచి మీదికి వస్తుందని ఎవరూ చెప్పలేదు. తర్వాత తడిసిన ఇసుక గట్టిగా ఉందని కనిపెట్టి, అల అంచునే నడిచింది. నడిచిందనేదానికంటే ఉరికింది. నీళ్ళు వచ్చి పాదాలు తడిపి, కింద ఇసుకను లాక్కోనిపోతుంటే తల తిరిగింది. స్నానాలు చేసేవాళ్ళు గుంపులు గుంపులుగా మునుగుతూ ఆమెను పిలిచినారు. "ఏమ్మోయ్, పున్నమి పూట మునగకుండా పోతున్నావే!" ఎండలో నీళ్ళు వెండి రేకులు పరిచినట్టు మెరుస్తున్నాయి. ఆమె కళ్ళు మాత్రం పొద్దు మీదే ఉన్నాయి.

ఏటి మొగ దగ్గర నిలిచిపోవాల్సి వచ్చింది. పేతురు చెప్పింది నిజమే. సముద్రం ఏటిలోకి ఎదురు పోతా ఉంది. ఒక ముసలి జాలరి తెప్పను ఒడ్డుకు లాక్కుంటున్నాడు.

"అవతలికి చేర్చు తాతా."

"పోటు తగ్గనీ. సందేళకి నడిచే పోవచ్చు."

"సందేళకు పోయి ఏం చేయాల? అప్పటికి అంతా అయిపోతాది."

ఆయన ఆమె ముఖం చూశాడు. ఏమయిపోతుందని అడగలేదు. "ఈత వచ్చా?"

"మా దిక్కు మునిగేదానికి నీళ్ళేవి తాతా, ఈత నేర్చేదానికి!"

ముసలాయన పళ్ళు లేని నోటితో నవ్వాడు. "కూర్చో. దుంగను కావిలించుకో. నీళ్ళని చూడమాక, నా వీపుని చూడు."

నాలుగు దుంగలు కట్టిన తెప్ప. నడుం దాకా నీళ్ళు. మధ్యలో ఒక అల అడ్డంగా వచ్చి తలమీద పడింది. నోట్లో ఉప్పు, కళ్ళల్లో మంట. ఆమె కళ్ళు మూసుకోకుండా ఆ నల్లటి వీపునే చూసింది. అవతల దిగినాక దండం పెడదామంటే చేతులు దుంగ పట్టు వదిలేదానికి చానాసేపు పట్టింది.

* * *

పాకల దగ్గర దిబ్బ దిగితే మళ్ళీ కాలవ అడ్డం వచ్చింది. కాలవకు అవతల గట్టున, కోసిన చేలల్లో, కనుచూపు మేర గొర్రెలు. వేరువేరు మందలుగా, మధ్య మధ్య ఖాళీ వదిలి నిలిపి ఉన్నారు. ఇంకా కలపలేదు. కృష్ణమ్మ మూటలో నుంచి మండ బయటికి తీసింది.

పసుపునీళ్ళ చెంబు పట్టుకోని నిలబడిన తెల్లమీసాల మనిషి కాటమరాజు. ఎడమ చివర మంద ముందర, కర్రకు గడ్డం ఆనించి నాగయ్య.

ఆమె ఈల వేసింది, దొడ్డి దగ్గర సాయంత్రం వేసే ఈల. నాగయ్య తల తిప్పినాడు. ఆమె చేతిలో మండ చూసినాడు. అటూ ఇటూ చూసి, అరిచేతిని కిందికి ఊపినాడు. ఊరుకో, అరవబాక అని. గట్టు దిగి, రేవులో ఉన్న దోనె ఎక్కి, కాలవ మధ్య దాకా తోసుకోని వచ్చి ఆగినాడు.

"ఎప్పుడు?" గొంతు బాగా తగ్గించి అడిగినాడు.

"మొన్న. గిద్దలూరుది. ఆ మూడూ నీ దగ్గరే ఉండాయి."

"వాటికేమీ లేదు. పొద్దునే చూసినా."

"అత్త చెప్పింది, బయటపడేదానికి టైము పడుతుందంట."

అతను నీళ్ళలోకి చూసినాడు. "ఆ మూడింటినీ ఇప్పుడే పక్కకు కట్టేస్తా. కుంటుతా ఉండాయని చెప్తా. మిగతావి కలుపుకుంటా. ఎవురికీ తెలియాల్సిన పని లేదు."

"మిగతావి వాటితోనే గదా ఇన్నాళ్ళూ పడుకునింది?"

"కృష్ణమ్మా, ఇను. మాట బయటికి పోతే మన మందను ఈ చేలల్లో ఉండనీరు. ఇంటికి పోదామంటే ఆడ మేత యాడిది? రోగం వస్తాదో రాదో! మేత లేకుంటే మాత్రం చావడం ఖాయం. అన్నీ చస్తాయి. నీ చేతులతో పెంచినవి."

అతను అబద్ధం చెప్పడం లేదు. అదే కష్టం. అతని వెనక మంద ముందర నిలబడిన ముసలి గొర్రె చెవి కోతను ఆమె ఇక్కడి నుంచే గుర్తుపట్టింది. అది పుట్టినప్పుడు తల్లి చస్తే, గుడ్డ తడిపి పాలు తాపి బతికించింది తనే. కాలవ అవతల కాటమరాజు చెంబు పైకెత్తి ఏదో అన్నాడు. మనుషులు కర్రలు తీసుకోని మందల వెనక్కి నడుస్తున్నారు.

"పోయి చెప్పు," అంది కృష్ణమ్మ. "నీ నోటితోనే చెప్పు."

నాగయ్య కదల్లేదు. దోనె నీళ్ళలో మెల్లగా తిరుగుతా ఉంది.

ఆమె మొగుడి తల మీదుగా చూసి, రొమ్ము నిండా గాలి పీల్చుకునింది.

"పెద్దయ్యా! కాటమరాజు పెద్దయ్యా! తోలబాకండి! రంగమ్మ దొడ్లో అమ్మవారు వచ్చింది! మా మందను కలుపుకోబాకండి!"

అవతలి గట్టున ఒక్కొక్క కర్రే ఆగిపోయింది. కాటమరాజు చెంబు కింద పెట్టి, గట్టు అంచుదాకా వచ్చినాడు.

"ఎన్ని ఉండాయమ్మా, ఆ దొడ్డివి?"

"సంతలో తెచ్చినవి మూడు పెద్దయ్యా. కానీ అన్నీ కలిసి మేసినవే."

పెద్దాయన నాగయ్యను పేరు పెట్టి పిలవలేదు. "రాత్రి మా మందల పక్కన నిలిపినావా?" అని మాత్రం అడిగినాడు.

"లేదు," అన్నాడు నాగయ్య. "ఈ పొద్దే వచ్చినా. ఎడంగానే ఉంచినా."

"అయితే మీ మందను ఆ గట్టుకు దాటించుకోండి. నీళ్ళు ఇసుకలో చెలమ తవ్వితే వస్తాయి. మేత సంగతి మేము చూస్తాం."

* * *

చీకటి పడేలోగా గొర్రెలన్నీ కాలవ ఈది ఇవతలికి చేరినాయి. వాటితో ఇసుక దిబ్బల మీద, సముద్రం మోత మధ్య కాపురం మొదలయింది. నాగయ్య ఆమెతో మాట్లాడలేదు. చెలమ తవ్వినాడు, సరుగుడు కొమ్మలతో దడి కట్టినాడు, ఆ మూడింటిని దూరంగా విడిగా కట్టినాడు. గంజి ముందు పెడితే తాగినాడు. పొద్దున లేస్తే కాలవ అవతలి రేవులో చొప్ప మోపులు ఉండేవి. అవి ఎవరు పెట్టిపోయేవాళ్ళో కనపడేది కాదు. అతను దోనెలో పోయి తెచ్చుకునేవాడు.

రోజులు గడుస్తుంటే కృష్ణమ్మకు ఇంకో భయం పట్టుకునింది. రోగం రాకపోతే? వట్టి అనుమానానికి మొగుణ్ణి నలుగురిలో నిలబెట్టి, పచ్చటి చేలల నుంచి ఇసుకలోకి ఈడ్చుకొచ్చిందయితే? రాకూడదని మొక్కుకుంటూనే, ప్రతి పొద్దూ తోకలు ఎత్తి చూసేటప్పుడు లోపల ఏదో మూల, వస్తే బాగుండు అని కూడా అనిపించేది. అట్ల అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసేది.

ఒకనాటి తెల్లవారి ఆమె చెలమ దగ్గర నీళ్ళు తోడుతా ఉంది. నాగయ్య దిబ్బ దిగి వచ్చినాడు. విడిగా కట్టిన మూడింటి దగ్గర నుంచి కాదు, మంద మధ్యలో నుంచి. చేతులు ఇసుకతో రుద్దుకుంటున్నాడు. ఆమె ముందునుంచే నడిచిపోయి, కాలవ గట్టు మీద నిలబడినాడు. అవతల, అందరివీ కలిపిన పెద్ద మంద మంచులో కదులుతా ఉంది.

"పెద్దయ్యా!" అని కేకేసినాడు. మళ్ళీ అరిచినాడు. "బయటపడింది పెద్దయ్యా! కలిసి మేసినవాటికీ వచ్చింది! చొప్ప ఇంకా ఎడంగా పెట్టండి, ఈ రేవు నీళ్ళకు మీవి దింపబాకండి!"

"ఇన్నాం నాయనా," అని అవతల నుంచి ఎవరిదో గొంతు. "ఎడంగానే ఉంటాం."

నాగయ్య చెలమ దగ్గరికి వచ్చి, ఆమె చేతిలో నుంచి కడవ తీసుకున్నాడు.

"జ్వరం పట్టినవి నీళ్ళకు లేవలేకుండా ఉండాయి," అన్నాడు. "నేను తల ఎత్తి పట్టుకుంటా, నీవు నోట్లో నీళ్ళు పొయ్యి."